సముద్రం అవతల రాతి చప్పుడు

మాటను కొలిచే ఉద్యోగం చేస్తున్నానని చెబితే నంద్యాలలో మా పెద్దమ్మ చాలా రోజులు నమ్మలేదు. "మాటను కొలిచేదేందిమే, బియ్యమా బ్యాళ్లా?" అనేది. ఆమెను అనడానికి లేదు. తొంభైల్లో నేను కాలేజీలో ఉన్నప్పుడు దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్ ముందు నిలబడాలి, అద్దాల గదిలో దూరి గొంతు చించుకోవాలి, ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే చెప్పాల్సింది సగంలో మింగి ఫోను పెట్టేయాలి. మాట బాగా వచ్చిందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. వినపడితే చాలు.

రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్లో మాట్లాడే రోజులొచ్చాయి. నంద్యాలలో ఒక చిన్న కంపెనీ చుట్టుపక్కల ఊళ్లలో నెట్ ఫోను సెంటర్లు పెట్టించింది. డోన్‌లో ఒకటి, బనగానపల్లెలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి. మనుషులు కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లిన ఇళ్లవాళ్లు వచ్చి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, తెర ముందు కూర్చుని మాట్లాడేవాళ్లు. మాట తెగుతోందని, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుందని గొడవ మొదలైతే బస్సెక్కి వెళ్లి, లైను కొలిచి, తప్పు ఎక్కడుందో చెప్పడం నా పని. తప్పు చెప్పడమే. బాగుచేయడం నా చేతిలో ఉండేది కాదు. శిరివెళ్ల దగ్గర రోడ్డు వెడల్పు చేసేవాళ్లు కేబులు తెగ్గొట్టారని నేను కనిపెట్టగలను, అంతే. దాన్ని అతికించేవాడు వచ్చేదాకా అందరితో పాటు నేనూ బెంచీ మీద కూర్చునేదాన్ని. పైగా తిట్లన్నీ నాకే.

కొలవడం పెద్ద విద్యేం కాదు. కంప్యూటరు మన మాటను చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతుంది. ఒక ముక్క అవతలికి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. ముక్కలన్నీ ఒకే ఎడంతో వస్తున్నాయా, లేక మన నంద్యాల బస్సుల్లాగా గంటసేపు ఒకటీ రాకుండా ఒక్కసారి మూడు వస్తున్నాయా చూడాలి. దారిలో ఎన్ని పోయాయో చూడాలి. ఈ మూడూ కలిపి నా ప్రోగ్రాం ఐదుకు ఇన్ని అని మార్కు వేసేది. నాలుగు దాటితే పచ్చరంగు. తమాషా ఏమిటంటే, ఆ మార్కు వేసేముందు ఎవరూ చెవి పెట్టి వినరు. ముక్కలు వచ్చిన తీరు చూసి, వింటే ఇలా ఉండాలి అని లెక్క కట్టి వేస్తారు. నేనూ అలాగే నమ్మేదాన్ని.

ఆళ్లగడ్డ సెంటరుకు ఇంకో తంటా ఉండేది. దాని రెండు పక్కలా శిల్పుల కొట్టాలు. తెల్లారి మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఉలి చప్పుడే. కీబోర్డులో రాతిపొడి, కంప్యూటరు ఫ్యాన్లో రాతిపొడి, టీ గ్లాసులో రాతిపొడి. ఇవతల మాట్లాడేవాళ్ల వెనక ఆ చప్పుడు అవతలికి వెళ్లిపోయేది. "ఏందా కొట్టుడు, ఇల్లు గాని కడ్తాండారా నాకు చెప్పకుండా?" అని కువైట్ నుంచి ఒక మొగుడు పెళ్లాంతో కొట్లాట పెట్టుకున్నాడు కూడా. సెంటరు నడిపే అన్న ఈ చప్పుడు గురించి నాకు ఫోను చేసి ఏడవని వారం లేదు.

అప్పుడు ఆ మాట్లాడే ప్రోగ్రాంకు కొత్త రకం వచ్చింది. అది మనిషి గొంతును మాత్రం పట్టుకుని మిగతా చప్పుళ్లన్నీ తుడిచేస్తుంది. పెట్టి చూస్తే నిజంగానే ఉలి చప్పుడు మాయం. పక్కన కొండ పగలగొడుతున్నా అవతలివాడికి పెళ్లాం గొంతు ఒక్కటే వినపడేది. అన్న ఆ రోజు నాకు గోళీసోడా ఇప్పించాడు. ఆయన చేత్తో ఏదైనా ఇప్పించడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇది జరిగిన కొన్నాళ్లకు, ఒక సోమవారం, సెంటరు పక్క కొట్టం పెద్దాయన లోపలికొచ్చాడు. ఆళ్లగడ్డలో అందరికీ తెలిసిన శిల్పి. నేను తాతా అని పిలిచేదాన్ని. ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి, ఉలి పట్టడం మానేశాడు. కొట్టంలో మంచం వేసుకుని పనివాళ్లను చూస్తూ ఉండేవాడు. ఆ రోజు ముందురోజు రాత్రి నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"పాపా, నీ మిషన్లో మారిషస్ పలుకుతాదా?" అన్నాడు.

పలుకుతుందన్నాను. ఆయన కూర్చుని సంగతి చెప్పాడు. మారిషస్‌లో తెలుగువాళ్లు అమ్మవారికి గుడి కట్టుకున్నారు. విగ్రహం ఈ కొట్టంలోనే చేయించుకున్నారు. రాయిని ఎంచింది ఈయన. చెక్కింది ఈయన మేనల్లుడు. పదేళ్ల వయసులో అమ్మానాన్నా పోతే ఈయనే పెంచి పని నేర్పాడు. మొహం నుంచి పాదం దాకా పూర్తిగా వాడి చేత్తో అయిన మొదటి విగ్రహం ఇది. ఓడలో పంపించి, నిలబెట్టడానికి వాడూ వెనకే వెళ్లాడు. అక్కడ పెట్టె దించేటప్పుడు తాడు జారి పెట్టె ఒక మూల మీద పడింది. పెట్టె విప్పి చూస్తే అమ్మవారి మోచేతి కింద వెంట్రుకంత సన్న గీత. శుక్రవారం ప్రతిష్ఠ.

"గీత అంటే రాతిలో పుట్టుకతోనే ఉండే ఈనె అయినా గావచ్చు. బీట అయినా గావచ్చు. కంటికి రెండూ ఒకటే," అన్నాడు. "ఈనె అయితే ఏం గాదు. బీట అయితే నీళ్లు, పాలు పోసే కొద్దీ లోపలికి దిగి, ఏదో ఒకరోజు చెయ్యి ఊడి చేతికొస్తాది. బీట ఉన్న రాయికి పూజ చేయగూడదు పాపా. సముద్రంలో ఇడిసేయాల."

మరి ఎలా తెలుస్తుంది అని అడిగాను. నా వైపు జాలిగా చూశాడు. "గొట్టి ఇంటే తెలుస్తాది."

అమ్మవారికి ఎంచే రాయిని కొడితే కంచు గిన్నెలా మోగాలట. మోత సాగుతూ పోయి సన్నగా ఆగాలట. లోపల బీట ఉంటే మోత మధ్యలో తెగిపోతుంది. ఇంత చిన్నదానికి ఆ మేనల్లుడే కొట్టి వినొచ్చు కదా అనుకున్నాను. అదీ అడిగేశాను. వాళ్ల కొట్టంలో ఒక పద్ధతి ఉంది. రాయిని చెక్కినవాడు దాని చప్పుడు విని తీర్పు చెప్పకూడదు. వేరేవాడు వినాలి. చెక్కినవాడి చెవికి తన రాయి ఎప్పుడూ బాగానే మోగుతుంది. ఈయన చెక్కిన రాళ్లన్నీ వాళ్ల నాయన విన్నాడు. నాయన పోయాక ఈయన తమ్ముడు విన్నాడు. మేనల్లుడి రాయికి చెవి ఈయనది. మారిషస్‌లో ఇంకో శిల్పి లేడు. ఈయనకు పాస్‌పోర్టు లేదు, ఓపికా లేదు, మధ్యలో నాలుగు రోజులు కూడా లేవు. ఆదివారం బూత్‌లో ఫోను చేసి కొట్టించి విన్నాడట. టక్ మని వచ్చిందట, అంతే. కంప్యూటర్లో అయితే పక్కన మనిషి ఉన్నట్టే వినిపిస్తుందని ఎవరో చెబితే వచ్చాడు.

కాల్ కలిపాను. గుడి కమిటీ వాళ్ల ల్యాప్‌టాప్‌ను విగ్రహం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు మేనల్లుడు. "మామా, తిన్యావా?" అన్నది మొదటి మాట. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"నా తిండి సంగతి ఎందుకులే. గొట్టు. మోచేతికి పైన గొట్టు మొదట."

టక్.

"ఇంకొంచెం కింద."

టక్.

"మెల్లగ గొట్టురా, గుండ్లు పగలగొడ్తాండావా?"

టక్. రాయి కాదు, చెక్క బల్ల మీద వేలితో కొట్టినట్టుంది. పెద్దాయన మొహం పాలిపోయింది. "మోత ల్యా," అన్నాడు నాతో, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. వాడికి వినపడకూడదని.

"లైను తప్పేమో తాతా," అన్నాను గట్టిగా. నాకు తెలిసింది లైను ఒక్కటే కాబట్టి. కొలిచాను. ఆ రోజు నిజంగానే ముక్కలు పోతున్నాయి. పట్టరాని సంతోషం వేసింది. నంద్యాల ఎక్స్ఛేంజికి వెళ్లి, లైన్‌మెన్‌ను బతిమాలి, బెదిరించి, మంగళవారం సాయంత్రానికి ఎక్కడో తడిసిన జాయింటు మార్పించాను. బుధవారం పొద్దున కొలిస్తే ఒక్క ముక్క పోవడం లేదు, ఒక్కటీ ఆలస్యం కావడం లేదు. నా ఉద్యోగంలో అంతకు ముందు అంత మంచి మార్కు చూడలేదు. పెద్దాయనను కూర్చోబెట్టి కాల్ కలిపాను. మేనల్లుడు కొట్టాడు.

టక్.

ముక్కలన్నీ వచ్చాయి. మోత రాలేదు. పెద్దాయన హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలుసు. లైను బాగైంది, కాబట్టి రాయే చెడింది. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. అప్పుడు పక్క కొట్టంలోంచి ఉలి చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఈ మిషన్లోంచి అవతలికి పోదని గుర్తొచ్చింది.

ఎవరికీ ఏమీ చెప్పకుండా నంద్యాల బస్సెక్కాను. ఇంట్లో మా పెద్దమ్మ పూజగంట తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆళ్లగడ్డ సెంటరుకు కాల్ చేసి అన్నను లైన్లోకి పిలిచి, మైకు దగ్గర పెట్టి గంట మోగించాను. ఆఫీసులో వాళ్లంతా లేచి చూశారు.

"ఏం ఇనపడ్తాందన్నా?"

"నీ గొంతు ఇనపడ్తాంది."

"గంట గొడ్తాండా. గంట ఇనపల్యా?"

"గంటేంది? యాడ గొడ్తాండావ్?"

తెర మీద మార్కు పచ్చగా మెరుస్తోంది. ఉలి చప్పుడు తుడిచే ప్రోగ్రాం గంటను కూడా తుడిచేసింది. దానికి ఉలి అయినా గంట అయినా అమ్మవారి రాయి అయినా ఒకటే, మనిషి గొంతు కాకపోతే చాలు. పాత ప్రోగ్రాం పెట్టి మళ్లీ మోగించాను. ఈసారి గంట వచ్చింది కానీ రేకు డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. అదీ మాట కోసం కోసి కుట్టిందే. మోత సాగేచోటికి వచ్చేసరికి చేతులెత్తేసింది. ఇక మిగిలింది మారిషస్‌లోనే రికార్డు చేయించి ఫైలు తెప్పించడం. అదీ చేశాను. ల్యాప్‌టాప్‌కు ఉన్నది నోటి ముందు పెట్టుకునే చవక మైకు. ఫైలు తెరిస్తే ఉలి దెబ్బ బర్రుమని పగిలి, వెనక గుడిలో జనం అరుపుల్లో కలిసిపోయింది.

బుధవారం సాయంత్రం మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లి పెద్దాయనకు ఆ ఫైలు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. మోత ఉందన్నాడు. మళ్లీ విన్నాడు. లేదన్నాడు. ఇంకోసారి వేయమన్నాడు. చివరికి, "దీన్ని ఈడ గొట్టు, ఆడ గొట్టు అని చెప్పలేం గదా పాపా," అని తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు చెప్పాను. ఈ మిషను రాతి చప్పుడు మోయదని, లైను ఎంత బాగున్నా మోయదని, మీకు వినపడిన టక్‌కూ రాయికీ సంబంధం లేదని, రాయి బాగుందని కానీ చెడిందని కానీ దీన్నిబట్టి చెప్పలేమని. నా మాటలు నాకే చిరాకు పుట్టించాయి. మూడు రోజులు తిరిగి తిరిగి ఆయనకు నేను మోసుకొచ్చింది ఇంత. కోపంతో ఏడుపొచ్చింది కానీ ఎవరి మీద కోపమో తెలియలేదు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"మాట మాత్రం మోస్తాది గదా?" అన్నాడు.

"మాట బ్రహ్మాండంగా మోస్తాది తాతా."

"అయితే రేపు పొద్దున కలుపు."

గురువారం పొద్దున నేను వెళ్లేసరికే ఆయన సెంటరులో కూర్చుని ఉన్నాడు. తలకు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. పక్క కొట్టంలో పని ఆపించాడు. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నేను టీ తెప్పించినా ఎవరూ ముట్టలేదు.

కాల్ కలిపి, రెండో హెడ్‌సెట్ నేను పెట్టుకున్నాను. ఒక పక్క కొలిచే ప్రోగ్రాం తెరిచి పెట్టాను. చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా. అది క్షణానికొకసారి అవతలికి ఒక చిన్న ముక్కను పంపి, జవాబు రాగానే ఒక పచ్చగీత గీస్తుంది. ఎవరూ మాట్లాడకపోయినా గీస్తూనే ఉంటుంది.

"ఒరే," అన్నాడు పెద్దాయన. "ఈ మిషను రాతి చప్పుడు మోయదంట. నేనీడ కూసోని చేసేదేం ల్యా. ఇంగ నువ్వే ఇను."

"మామా, నేనెట్ల ఇంటా? చెక్కినోడు ఇనగూడదు గదా."

"పద్ధతి నాకు చెప్తాండావా? నేనే చెప్తాండా ఇనమని." ఆయన గొంతు తగ్గింది. "ఇన్నాళ్లూ నీతో పాటు కూసోని ఎన్ని రాళ్లు ఇన్యాం. నేనెట్ల ఇంటానో నీకు తెలుసు. ఈ ఒక్కసారికి నీ చెవి ఇడిసిపెట్టి నా చెవితో ఇను. మోచేతికి కింద, గీత కాడ. మెల్లగ ఒకటే దెబ్బ. ఉలి తీసేసి, కళ్లు మూసుకో. మోత ఆగినాక చెప్పు."

"బాగానే పలుకుతాదిలే మామా. నిన్న గూడా బాగానే…"

"నిన్నటి సంగతి ఇడిసిపెట్టు. ఇప్పుడు గొట్టు."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. తానూ అవతలే ఉన్నట్టు తల కొంచెం పక్కకు వంచాడు.

టక్.

తర్వాత ఏమీ లేదు.

ఆ మాట్లాడే ప్రోగ్రాం మాట లేనప్పుడు ఏమీ పంపదు. మామూలు ఫోనులో మనిషి ఊరుకున్నా వెనక ఏదో గాలి చప్పుడు, గుయ్‌మనే మోత ఉంటాయి. అతను అక్కడే ఉన్నాడని తెలుస్తుంది. ఇందులో అదీ ఉండదు. చెవిలో దూది పెట్టినట్టు ఉంటుంది. మోత ఎంతసేపు సాగుతుందో నాకు తెలియదు. ఎంత మంచి రాయి అయినా అంతసేపు మోగదని మాత్రం కాసేపటికి అర్థమైంది.

పెద్దాయన కళ్లు తెరిచాడు. "ఒరే," అన్నాడు. జవాబు లేదు. "ఒరే, ఇనపడ్తాందా?"

ఏమీ లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. అంత పెద్ద మనిషి కళ్లలో అంత ఆశ నేను మళ్లీ చూడలేదు.

"లైను పోయిందా పాపా?"

నేను తెర వైపు చూశాను. పచ్చగీత, దాని పక్కన పచ్చగీత, దాని పక్కన ఇంకొకటి. ఎన్నిసార్లు ఎంతమంది మాటలు మధ్యలో తెంపేసిన లైను అది. రోడ్డు పనివాళ్లు తెంపారు, వాన తెంపింది, కరెంటు పోయి తెగింది. ఇప్పుడు తెగితే ఎంత బాగుండును అనుకున్నాను. ఎవరైనా శిరివెళ్ల దగ్గర ఒక్క గడ్డపార దెబ్బ వేస్తే చాలు. పోయిందని ఒక్క అబద్ధం చెప్పాలని కూడా అనిపించింది. కానీ ఆయన మూడు రోజులుగా నన్ను అడిగిన వాటిలో నాకు జవాబు తెలిసిన ప్రశ్న ఇదొక్కటే.

"లేదు తాతా," అన్నాను. "లైను బాగానే ఉంది."

పెద్దాయన మెల్లగా తలూపాడు. మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇన్యాలేరా," అన్నాడు. "నాకు ఇనపడింది. బీట సంగతి గుడోళ్లతో నేను మాట్లాడ్తా. నువ్వు పోయి ఏమన్నా తిను."

అప్పుడు అవతల మేనల్లుడు ఏడ్చాడు. అది మనిషి గొంతు కాబట్టి ఆ ప్రోగ్రాం ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా మా ఇద్దరి చెవుల్లోకీ తెచ్చి పోసింది.